అల్లూరి సీతారామరాజు, మన్యం ఫితూరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జులై 4న అల్లూరి జయంతి, మే 7న వర్ధంతి దగ్గరపడేసరికి అవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. కొన్ని సినిమాల పుణ్యం, కొన్ని పోటీ పరీక్షల గైడ్ల పుణ్యం. ఎక్కువగా అడిగేవాటిని దశలవారీగా పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు, ముందువి చదవకపోయినా జవాబు అర్థమవుతుంది.

## పేరు, ఊరు, తేదీలు

అల్లూరి పుట్టింది మోగల్లులోనా, పాండ్రంగిలోనా?

పాండ్రంగిలో, 1897 జులై 4న. అది అమ్మమ్మగారి ఊరు. భీమునిపట్నం వైపు, ఇప్పటి విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలంలో ఉంది. పురిటికి పుట్టింటికి వెళ్లడం మన ఆనవాయితీ కదా, తల్లి సూర్యనారాయణమ్మ అలాగే వెళ్లారు. తండ్రి వెంకటరామరాజు స్వగ్రామం భీమవరం దగ్గర పాలకోడేరు మండలంలోని మోగల్లు. "మా ఊరివాడు" అని రెండు ఊళ్లూ చెప్పుకోవచ్చు. "జన్మస్థలం" అని అడిగితే మాత్రం పాండ్రంగి అనే రాయాలి.

అసలు పేరు సీతారామరాజేనా? సీత అనే అమ్మాయి జ్ఞాపకంగా పేరు మార్చుకున్నాడంటారు, నిజమా?

ఆనాటి సర్కారు కాగితాల్లో ఉన్న పేరు శ్రీరామరాజు. "సీతారామరాజు" జనం నోట స్థిరపడిన పేరు. చిన్నప్పుడు మనసిచ్చిన సీత చనిపోతే ఆమె పేరు తన పేరులో కలుపుకున్నాడన్న కథ నాటకాలు, సినిమాల దారిలో ఇంటింటికీ చేరింది. దానికి కాగితం మీద ఆధారం లేదు. కథగా బాగుంటుంది, చరిత్రగా చెప్పకండి.

ఆయన గిరిజనుడేనా?

కాదు. గోదావరి జిల్లా మైదాన ప్రాంతపు క్షత్రియ కుటుంబం. తండ్రి ఫోటోగ్రాఫర్, పినతండ్రి రామకృష్ణంరాజు తహసీల్దారు. 1917లో కృష్ణదేవిపేట చేరాక మన్యమే ఆయన ఊరైంది. పోరాటంలో ఆయన వెంట నడిచినవాళ్లు, ఆయనకు దారి చూపినవాళ్లు, అన్నం పెట్టినవాళ్లు ఎక్కువమంది కొండవాళ్లే. నాయకుడు గిరిజనుడు కాకపోయినా పోరాటం గిరిజనులది.

రంప తిరుగుబాటు అంటే 1879దా, 1922దా?

రెండింటికీ ఆ పేరుంది, తికమక అక్కడే. మొదటిది 1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో మొదలైంది. రంప మున్సబుదారు (ఆ ప్రాంతపు పెత్తందారు) దోపిడీ, కల్లు గీతపై ఆంక్షలు, "చిగురుపన్ను" (కల్లు గీత మీద పన్ను) దానికి కారణాలు. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య దాని నాయకులు. ఆ చోడవరమే నేటి రంపచోడవరం, అనకాపల్లి దగ్గరి చోడవరం కాదు. రెండోది 1922 ఆగస్టు నుంచి 1924 మే వరకు అల్లూరి నాయకత్వంలో సాగింది. దాని గుండెకాయ రంప కాదు, గూడెం కొండలు. అందుకే చరిత్ర తెలిసినవాళ్లు దాన్ని గూడెం-రంప తిరుగుబాటు అంటారు. ఏ సంవత్సరమో చెప్పకుండా "రంప తిరుగుబాటు" అని ఊరుకుంటే సగం తప్పు చెప్పినట్టే.

దీన్ని విప్లవం అనాలా, తిరుగుబాటు అనాలా, ఫితూరీ అనాలా?

కొండల్లో వాడుకలో ఉన్న మాట ఫితూరీ. ఉర్దూ దారిన వచ్చింది. తెల్లదొరలు దాన్ని "అల్లరి" అనే చులకన అర్థంలో రాసుకున్నారు, ఆ ప్రాంతం వాళ్లు మాత్రం గర్వంగానే పలుకుతారు. పరిధి చూస్తే ఇది రెండు జిల్లాల ఏజెన్సీకి పరిమితమైన తిరుగుబాటు. ఉద్దేశం చూస్తే అంతకన్నా పెద్దది. పాత ఫితూరీలు ఒక పన్ను మీదో, ఒక ముఠాదారు (కొన్ని కొండ ఊళ్ల పెత్తందారు) మీదో జరిగాయి. తెల్లవాళ్ల పాలనే పోవాలని అడిగింది 1922 నాటిది. "విప్లవం" అనే మాటకు అర్హత ఉందంటే అది ఈ ఒక్క కారణం వల్లే అని మా అభిప్రాయం.

## ఫితూరీకి ముందు

పోడు ఆపేయడమే అసలు కారణమా?

ముఖ్యమైన కారణం అదే. పోడు ఎలా చేస్తారో చూస్తే ఆ చట్టం దెబ్బ ఎంతో తెలుస్తుంది. ఎండాకాలం ముందే వాలు మీద చెట్లూ తుప్పలూ నరుకుతారు. మొదళ్లు పెకలించరు, అవి మళ్లీ చిగురించాలి. నరికింది ఎండాక నిప్పు పెడతారు. ఆ బూడిదే ఎరువు. తొలకరి పడగానే చోళ్లు, సామ, కొర్ర, కంది కలిపి చల్లుతారు. నాగలి అక్కర్లేదు, ఆ వాలు మీద నాగలి నడవదు కూడా. రెండు మూడేళ్లకు నేల సత్తువ తగ్గితే దాన్ని వదిలి ఇంకో చోటికి వెళతారు. వదిలిన చోట అడవి మళ్లీ లేస్తుంది.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక "రిజర్వు" గీత గీసిన అడవిలో ఇదంతా నేరమైంది. కట్టెపుల్ల తెచ్చుకోవడం, మేకలు మేపడం, గీత చెట్టు ఎక్కడం కూడా గార్డు దయ మీద పడ్డాయి. కొండవాడి దగ్గర జరిమానా కట్టడానికి డబ్బు ఉండదు కాబట్టి కోడో, మేకో, వెట్టిచాకిరీయో ఇచ్చుకునేవాడు. చట్టం అడవి కోసమని రాశారు, నలిగింది మనిషి.

ముఠాదారులు అంటే ఎవరు? వాళ్లకు సర్కారు మీద కోపం ఎందుకు?

కొన్ని కొండ ఊళ్లు కలిస్తే ఒక ముఠా. ఇప్పటి వాడుకలోని "గ్యాంగు" అర్థం ఇక్కడ లేదు. దానిపై పెత్తనం ఉన్నవాడు ముఠాదారు. ఊళ్ల నుంచి శిస్తు వసూలు చేసి, సర్కారుకు నిర్ణయించిన కట్టుబడి చెల్లించి, ఆ ప్రాంతంలో గొడవలు లేకుండా చూడాలి. అధికారులు ముఠాను ఇవ్వనూ గలరు, ఊడబెరకనూ గలరు. తరాలుగా ఉన్న పెత్తనం ఒక డిప్యూటీ తహసీల్దారు కోపంతో పోయే పరిస్థితి వచ్చింది. బట్టిపనుకుల ముఠాదారు గాం గంటందొర అలా దెబ్బతిన్నవాడే. రైతు పొట్ట మీద, ముఠాదారు పరువు మీద ఒకేసారి కొట్టడంతో మామూలుగా కలవని ఆ ఇద్దరూ ఒకే పక్షాన నిలబడ్డారు.

బాస్టియన్ అనే అధికారి పేరు పదే పదే వినిపిస్తుంది. ఏం చేశాడు?

గూడెం డిప్యూటీ తహసీల్దారు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా పైకి వేసే ఘాట్ రోడ్డు పనికి కొండవాళ్లను తోలించాడు. రోజుకు ఆరణాల కూలి అని చెప్పి అందులో చిన్న పాలే చేతిలో పెట్టేవారు. ఎదురు మాట్లాడినవాళ్లకు కొరడా దెబ్బలు పడేవి. ఆ రోడ్డు దేనికో కొండవాళ్లకు తెలుసు. అది పడితే పోలీసులు, కాంట్రాక్టర్లు, వడ్డీ వ్యాపారులు సులువుగా పైకెక్కుతారు. తమ మెడకు ఉచ్చు తామే పేనుతూ, దానికీ కూలి రాని పరిస్థితి అది.

సన్యాసిలా బతికిన మనిషి తుపాకీ ఎందుకు పట్టాడు? గాంధీ అనుచరుడు కాదా?

మొదట గాంధీ దారిలోనే నడిచారు. 1921 ప్రాంతంలో కొండ ఊళ్లలో కల్లు మానమన్నారు, ఖద్దరు కట్టమన్నారు, తగాదాలు కోర్టుకు పోకుండా పంచాయతీలో తేల్చుకోమన్నారు. కోర్టు ఖాళీ అయితే సర్కారుకు అనుమానం రాక మానదు. ఆయనపై నిఘా పెట్టారు, నర్సీపట్నంలో కొంతకాలం అట్టిపెట్టారు. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్ సానుభూతితో పైడిపుట్టలో భూమి ఇప్పించి, సేద్యం చేసుకుంటూ కుదురుగా ఉండేలా చూశారు. ఆ కుదురు ఎన్నాళ్లో నిలవలేదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తర్వాత గాంధీ సహాయ నిరాకరణ ఆపేశారు, కొండల మీద వెట్టి మాత్రం ఆగలేదు. ఆరు నెలలు తిరిగేసరికి చింతపల్లి స్టేషన్ మీద దాడి జరిగింది. మద్యం వద్దు, ఖద్దరు కట్టు అనే మాటలను ఆయన తర్వాత కూడా వదల్లేదు. అహింసను ఒక్కదాన్నే వదిలారు.

## స్టేషన్ల మీద దాడులు

మొదటి మూడు దాడులు ఎప్పుడు, ఎక్కడ జరిగాయి? ఎన్ని తుపాకులు దొరికాయి?

వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. 1922 ఆగస్టు 22న చింతపల్లిలో 11 తుపాకులు, 1,390 గుళ్లు, 5 కత్తులు, 14 బాయొనెట్లు. 23 రాత్రి కృష్ణదేవిపేటలో 7 తుపాకులు. 24న రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 గుళ్లు. ఆ స్టేషన్‌లో బందీగా ఉన్న వీరయ్యదొరను కూడా విడిపించుకున్నారు. మొత్తం 26 తుపాకులు. చింతపల్లికి వెళ్లినవాళ్లు సుమారు 300 మంది అని చెబుతారు, అంటే పది మందికి ఒక్క తుపాకీ కూడా రాలేదు. మిగతావాళ్లవి విల్లంబులు, బల్లేలు, నాటు తుపాకులే.

ఖజానాలు, కచేరీలు వదిలేసి పోలీస్ స్టేషన్లనే ఎందుకు ఎంచుకున్నారు?

తుపాకులు అక్కడే ఉన్నాయి కాబట్టి. కొండల్లో విల్లు చేసుకోవచ్చు, నాటు తుపాకీకి మందు కూరుకోవచ్చు. పోలీసు తుపాకీకి కావలసిన తూటా అడవిలో తయారు కాదు, బజార్లో దొరకదు. శత్రువు దగ్గర లాక్కోవాల్సిందే. పైగా ఏజెన్సీ స్టేషన్లలో ఉండేది కొద్దిమంది కానిస్టేబుళ్లు, ఒక స్టేషన్‌కు ఇంకోటి కొండదారిలో రోజు నడక. ఒకచోట దాడి జరిగిందన్న కబురు రెండోచోటికి చేరేలోపే దళం అక్కడికి చేరేది.

ఈ పద్ధతిలో ఒక లోపమూ ఉంది. ప్రతి కాల్పుకూ నిల్వ తరుగుతుంది, కొత్త నిల్వ కావాలంటే ఇంకో స్టేషన్ కొట్టాలి. సర్కారు అది పసిగట్టి స్టేషన్ల నుంచి ఆయుధాలు తీసేసిన రోజున దళానికి ఊట ఎండిపోయింది.

తీసుకెళ్లిన తుపాకులకు రికార్డులో సంతకం పెట్టి వెళ్లాడంటారు. ఇది కూడా సినిమా కథేనా?

కాదు. చింతపల్లి స్టేషన్‌లో ఏమేం తీసుకున్నదీ రికార్డు పుస్తకంలో రాసి, కింద సంతకం చేసి వెళ్లారు. ఒక్కసారి ఊహించుకోండి: మిగతా రికార్డులు చింపేసి ఉన్నాయి, కానిస్టేబుళ్లు పక్కన నిలబడి ఉన్నారు, తెల్లపుస్తకంలో సరుకు జాబితా పద్ధతిగా ఎక్కుతోంది. దొంగ సంతకం పెట్టడు. దోపిడీ కేసు కింద కొట్టిపారేయడానికి వీల్లేకుండా, "ఇది యుద్ధం, తీసుకున్నది నేను" అని సర్కారు పుస్తకంలోనే రాసినట్టయింది.

మిరపకాయ టపా అంటే ఏంటి?

దాడి గురించో, హెచ్చరికగానో పంపే ఉత్తరానికి మిరపకాయలు కట్టి పంపడం. ఉత్తరంలో ఘాటు ఉందని చదవకముందే తెలుస్తుంది. బాణానికి కట్టి వదిలేవారనేది జనశ్రుతిలో చేరిన ముస్తాబు. ముందుగా కబురు పెట్టి దాడి చేయడం వల్ల పేరు మోగిపోయింది, పోలీసుల్లో భయం పెరిగింది. నష్టమూ జరిగింది. కబురు అందినవాడు తుపాకులు సర్దేసే వీలుంటుంది.

దామనపల్లి ఘటనలో ఏం జరిగింది?

1922 సెప్టెంబరు 24న దళాన్ని వెతుకుతూ పోలీసు బలగం దామనపల్లి ఘాటీలో నడుస్తోంది. ఇరుకు దారి, రెండు పక్కలా చెట్లతో నిండిన వాలు. రాజు మనుషులు పైన కాచుక్కూర్చున్నారు. ముందు నడుస్తున్న భారతీయ కానిస్టేబుళ్లను కదలకుండా పోనిచ్చారు. వెనక స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు గురిలోకి రాగానే కాల్చారు. ఇద్దరూ అక్కడే చనిపోయారు.

గెరిల్లా పోరాటంలో కష్టమైన పని కాల్చడం కాదు, కాల్చకుండా ఆగడం. గుబురులో దాక్కున్న ఒక్కడు తొందరపడినా ముందు వరసే అప్రమత్తమైపోతుంది. భారతీయులపై కాల్చవద్దన్న రాజు ఆజ్ఞ అంత ఒత్తిడిలోనూ నిలిచింది.

అడ్డతీగల, రంపచోడవరం దాడుల్లో ఆయుధాలు ఎందుకు దొరకలేదు?

అప్పటికే సర్కారు జాగ్రత్తపడింది. అక్టోబరు 15న అడ్డతీగల, 19న పట్టపగలు రంపచోడవరం. రంపచోడవరంలో సబ్ ఇన్‌స్పెక్టర్ని, సిబ్బందిని పట్టుకున్నారు గానీ తుపాకులు ముందే తరలిపోయాయి. జనం మాత్రం తండోపతండాలుగా వచ్చి చూశారు. పేరుకు పెద్ద గెలుపు, ఆయుధాల పరంగా వట్టి చేతులు.

దళంలో రాజు కాక ఇంకెవరున్నారు? ఎప్పుడూ ఒక్క పేరే వింటాం.

గాం గంటందొర, ఆయన తమ్ముడు గాం మల్లుదొర, వీరయ్యదొర, ఎండు పడాలు, గోకిరి ఎర్రేసు, సంకోజి ముక్కడు, బొంకుల మోదిగాడు. మైదానం నుంచి వచ్చినవారిలో అగ్గిరాజుగా పేరుపడ్డ వేగిరాజు సత్యనారాయణరాజు ముఖ్యుడు. "పడాలు", "దొర" ఇక్కడ కొండ సమాజంలో హోదా చెప్పే మాటలు, మైదానపు దొరతనంతో కలపకూడదు. గంటందొర లేకపోతే గూడెం ఊళ్లు ఒక పరాయి యువకుడి వెంట అంత తేలిగ్గా నడిచేవి కావు. విగ్రహాలు పెట్టేటప్పుడు ఆ పేర్లు పీఠం మీద చిన్న అక్షరాల్లో కూడా కనిపించవు, అది మన లోపం.

## ఎదురుదెబ్బ

అంత బాగా సాగిన పోరాటం ఎక్కడ దెబ్బతింది?

1922 డిసెంబరు 6న, పెదగడ్డపాలెంలో. దళం అడవి దాటి వరిచేల మీదికి వచ్చిన సమయంలో పోలీసు, సైనిక బలగం మీద పడింది. అడవిలో ప్రతి చెట్టూ అడ్డం. కోతల వేళ వరిమడిలో మోకాలెత్తు గట్టే గతి. నలుగురు చనిపోయారు, కొన్ని తుపాకులు పోయాయి. తప్పించుకున్నవాళ్లు విశ్రమించిన చోటు మీద ఆ రాత్రే మళ్లీ దాడి జరిగింది, మరో ఎనిమిది మంది పోయారు. ఒక్క రోజులో 12 మంది. సర్కారుకు కొత్త మనుషులు, కొత్త తూటాలు మర్నాడు వస్తాయి. దళానికి పోయిన తుపాకీ పోయినట్టే.

తర్వాత నాలుగు నెలలు ఏమైపోయారు?

దళం చెదిరి, కొండల్లోకి సర్దుకుంది. రాజు చనిపోయాడన్న పుకార్లు వచ్చాయి. 1923 ఏప్రిల్ 17న అన్నవరంలో కొద్దిమందితో కనిపించి ఆ పుకార్లను ఆపేశారు. స్టేషన్‌కు వెళితే పోలీసులు ఎదురు చెప్పలేదు, ఆయుధాలూ లేవు. కొండ మీద దేవుణ్ణి చూసుకుని, చెరుకూరి నరసింహమూర్తి అనే ఆయనతో మాట్లాడారు. ఆ సంభాషణ పత్రికల్లో వచ్చింది. రాజు ఆలోచనలు ఆయన నోటిమాటగా మనకు అందిన కొద్ది సందర్భాల్లో అదొకటి.

ఆయన్ని పట్టుకోవడానికి బ్రిటిషువాళ్లు ఎవరెవర్ని దించారు? ఎంత ఖర్చయింది?

మొదట జిల్లా పోలీసులు, తర్వాత మలబార్ స్పెషల్ పోలీసు. కేరళలో మాపిళ్లల తిరుగుబాటు అణచడానికి 1921లో పుట్టిన దళం అది. కొండ అడవులు వాళ్లకు కొత్త కావు, గూడెం దారులు, భాష మాత్రం కొత్తే. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చింది, ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్‌ను ప్రత్యేక అధికారిగా వేశారు. రాజు తలకు రూ. 10,000 వెల కట్టారు. మొత్తం ఖర్చు రూ. 40 లక్షలని సాధారణంగా చెబుతారు. 26 తుపాకులతో మొదలైన పోరాటం మీద అంత!

చివరికి పని చేసింది సైన్యం సంఖ్య ఒక్కటే కాదు. దళానికి తిండి పెట్టే ఊళ్ల మీద ఒత్తిడి పెంచారు. అడవిలో దాక్కున్నవాడు ఆకులు తిని బతకడు. ఊరి నుంచి వచ్చే అన్నం మూట ఆగితే అతనే బయటికి రావాలి.

## చివరి రోజులు, ఆ తర్వాత

రాజు ఎలా చనిపోయారు? పారిపోబోతే కాల్చామని సర్కారు చెప్పింది కదా?

1924 మే 7న మంప దగ్గర పట్టుబడ్డారు. కుంచుమీనన్ అనే జమేదారు బృందం పట్టుకుంది. అక్కడి నుంచి కొయ్యూరు తెచ్చి మేజర్ గుడాల్ ముందు నిలబెట్టారు. విచారణ లేదు, కోర్టు లేదు. చెట్టుకు కట్టి కాల్చి చంపారు. పారిపోబోయాడన్నది కాగితం మీద రాసుకున్న కారణం. చుట్టూ సాయుధ బలగం ఉన్న శిబిరంలో బందీ పారిపోయాడనడం ఎవరూ నమ్మని మాట. సజీవంగా కోర్టుకు తెస్తే ఆయన మాట్లాడతాడు, ఆ మాటలు పత్రికలకు ఎక్కుతాయి. మాట్లాడనివ్వకుండా చేయడమే వాళ్లకు కావలసింది. దేహాన్ని కృష్ణదేవిపేట తెచ్చి దహనం చేశారు. సమాధి అక్కడే ఉంది.

చనిపోయేనాటికి వయసు 27 అని రాస్తే తప్పా?

27వ ఏడు నడుస్తోంది, 27 నిండలేదు. 1897 జులై 4 నుంచి 1924 మే 7 వరకు లెక్కిస్తే 26 ఏళ్ల 10 నెలలు.

ఆయన చనిపోలేదు, తప్పించుకుని ఎక్కడో బతికారంటారు?

జనం ప్రేమించిన ప్రతి వీరుడి వెనకా ఈ కథ ఉంటుంది. రాజు విషయంలో దేహాన్ని గుర్తుపట్టారు, కృష్ణదేవిపేటలో దహనం చేశారు. ఆ తర్వాత దళం చెదిరిపోయిన తీరూ అదే చెబుతుంది.

గంటందొర, మల్లుదొర ఏమయ్యారు?

గంటందొర 1924 జూన్‌లో, రాజు పోయిన నెల రోజులకు, పోలీసు కాల్పుల్లో చనిపోయారు. మల్లుదొర 1923 సెప్టెంబరులో పట్టుబడి అండమాన్ వెళ్లారు. తిరిగి వచ్చి, స్వతంత్ర భారతంలో 1952 మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. బందీగా సముద్రం దాటినవాడు సభ్యుడిగా పార్లమెంటు మెట్లెక్కాడు. అగ్గిరాజు అండమాన్ నుంచి తిరిగి రాలేదు.

కాంగ్రెస్ ఆయన్ని సమర్థించిందా?

పోరాటం నడిచినన్నాళ్లూ దూరంగానే ఉంది. సాయుధ పోరాటాన్ని నెత్తికెత్తుకునే ఉద్దేశం దానికి లేదు. 1929లో గాంధీ "యంగ్ ఇండియా"లో రాస్తూ, ఆయుధాల దారి తనకు సమ్మతం కాదంటూనే రాజు ధైర్యానికి, త్యాగానికి, నిరాడంబరతకు నివాళి అర్పించారు. అప్పటికి ఆయన పోయి ఐదేళ్లు.

మరి ఫితూరీ వల్ల కొండవాళ్లకు ఏం ఒరిగింది?

అప్పటికప్పుడు చూస్తే పెద్దగా ఏమీ లేదు. పోడు మీద ఆంక్షలు పోలేదు, ముఠాదారీ 1969 దాకా నడిచింది. ఏజెన్సీని మైదానంలాగా పాలించలేమన్న సంగతి మాత్రం ఇలాంటి ఫితూరీలే పాలకులకు మళ్లీ మళ్లీ గుర్తుచేశాయి. 1839 చట్టం కింద కలెక్టరు గవర్నరుకు "ఏజెంటు"గా కొండలను ఏలాడు, ఏజెన్సీ అన్న మాట అలా వచ్చిందే. ఆ విడి పాలన రూపం మార్చుకుంటూ రాజ్యాంగం ఐదో షెడ్యూలు దాకా వచ్చింది. గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదనే 1/70 చట్టం, పోడు భూములకు పట్టాలిచ్చే 2006 అటవీ హక్కుల చట్టం, అన్నీ చింతపల్లి నాటి ప్రశ్న చుట్టూ తిరిగేవే: ఈ వాలు ఎవరిది?

"ఆర్ఆర్ఆర్" సినిమాలో చూపించినట్టు కొమరం భీం, అల్లూరి కలిశారా?

లేదు. పాలకులు వేరు, ప్రాంతం వేరు, కాలం వేరు. అల్లూరిది బ్రిటిషు మద్రాసు ప్రెసిడెన్సీ, భీంది నిజాం రాజ్యంలోని ఆదిలాబాద్. అల్లూరి 1924లో చనిపోయారు, గోండు వీరుడు భీం జోడేఘాట్‌లో అమరుడైంది 1940లో. మధ్యలో పదహారేళ్లు. అడిగింది మాత్రం ఒకటే: జల్, జంగల్, జమీన్. ఆ పోలికతో ఇద్దర్నీ ఒక కల్పిత కథలో పక్కపక్కన నిలబెట్టారు. కల్పనగానే చూడండి.

గడ్డంతో, విల్లుతో ఉండే బొమ్మ ఆయన అసలు ఫోటోనా?

కాదు. గోడల మీద, క్యాలెండర్లలో కనిపించేవి చిత్రకారుల ఊహ, 1974 సినిమాలో కృష్ణ వేసిన వేషం కలిసి తయారైన రూపాలు. కాషాయ పంచె, గడ్డం, జుట్టు ఆనాటి వర్ణనలకు దగ్గరగానే ఉన్నాయి, ముఖం మాత్రం ఊహే. తపాలా బిళ్ల 1986లో వచ్చింది, భీమవరంలో 30 అడుగుల కాంస్య విగ్రహాన్ని 2022 జులై 4న ఆవిష్కరించారు.

## చూడటానికి వెళ్లేవారికి, పరీక్షలు రాసేవారికి

ఆ ఊళ్లన్నీ చూసి రావాలంటే ఎలా వెళ్లాలి?

నర్సీపట్నం మీ మూలస్థానం చేసుకోండి. అక్కడి నుంచి ఒక దారి కృష్ణదేవిపేటకు (సమాధి, స్మారక ఉద్యానవనం), కొయ్యూరు, మంప వైపు పోతుంది. ఇంకో దారి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి వెళుతుంది. రెండు దారులూ ఒకే రోజులో ముగించాలని చూస్తే ఎక్కడా నిలబడి చూసే తీరిక ఉండదు. రెండు రోజులు పెట్టుకోండి.

రైలులో వచ్చేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. "నర్సీపట్నం రోడ్" స్టేషన్ పేరు చూసి ఊరు పక్కనే అనుకుంటారు. కాదు, అక్కడ దిగాక ఊరికి బస్సో ఆటోనో చూసుకోవాలి. ఎక్కువ రైళ్లు ఆగేది తునిలో, అక్కడి నుంచీ రావచ్చు. డిసెంబరు, జనవరిలో లంబసింగి చలికి స్వెట్టర్ చాలదు, మంచులో ఘాట్ మలుపులు కనిపించవు కాబట్టి తెల్లవారుజామున బండి తోలకండి. కొండ పైన ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, మ్యాపు ముందే దించుకోండి.

అల్లూరి జిల్లా కేంద్రం చింతపల్లేనా?

కాదు, పాడేరు. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. చింతపల్లి ఆ జిల్లాలోనే ఉంది, సమాధి ఉన్న కృష్ణదేవిపేట మాత్రం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది.

గ్రూప్స్‌కు చదువుతున్నాం. ఎక్కువమంది తప్పు రాసే బిట్లు ఏవి?

దాడుల వరస తారుమారు చేస్తారు. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి: ఆగస్టు 22, 23, 24. చంపినవాడి పేరు, పట్టుకున్నవాడి పేరు కలిపేస్తారు. పట్టుకుంది కుంచుమీనన్, కాల్పించింది గుడాల్. రూథర్‌ఫర్డ్ ప్రత్యేక అధికారి, దామనపల్లిలో చనిపోయినవాళ్లు స్కాట్ కవర్డ్, హైటర్. పట్టుబడిన ఊరు మంప, చంపిన ఊరు కొయ్యూరు, దహనం చేసిన ఊరు కృష్ణదేవిపేట. ఈ మూడింటినీ ఒకే ఊరుగా రాసేవాళ్లు ఏటా కనిపిస్తారు. అటవీ చట్టం 1882, తొలి రంప ఫితూరీ 1879. చట్టం తిరుగుబాటు తర్వాత వచ్చింది, కాబట్టి 1879 నాటి ఫితూరీకి ఆ చట్టాన్ని కారణంగా రాస్తే మార్కు పోతుంది.